చలిలో డీజిల్ బండి

విశాఖలో తిరిగే డీజిల్ బండికి చలి తెలియదు. సంక్రాంతి తెల్లవారుజామున బీచ్ రోడ్డులో తాళం తిప్పినా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఇక్కడ దాన్ని తినేసేవి వేరే ఉన్నాయి: ఉప్పుగాలి, ఉక్కపోత, పోర్టు రోడ్డు ధూళి. అదే బండిని అనకాపల్లి, తాళ్లపాలెం, నర్సీపట్నం మీదుగా తీసుకెళ్లి డౌనూరు దాటి లంబసింగి ఘాటెక్కించండి. 100 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణంలో దాని స్వభావమే మారిపోతుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. పక్కనే చింతపల్లిలో ఉన్న వ్యవసాయ పరిశోధన స్థానం నమోదు చేసే కనిష్ఠ ఉష్ణోగ్రతలు డిసెంబరు, జనవరిలో ఒక్క అంకెకు దిగుతాయి. కొన్నేళ్లు సున్నా దరిదాపులకు కూడా వెళ్లాయి. మంచు కురుస్తుందని ఆశపడి వెళ్లేవాళ్లకు కనిపించేది దట్టమైన పొగమంచు. బాగా చలి పట్టిన రోజున గడ్డి మీద, బండి టాపు మీద తెల్లటి పొర కడుతుంది. హిమాలయాల మంచుతో దీనికి పోలిక లేదు. అయినా చలిలో డీజిల్ బండి నడపడం నేర్చుకోవాలంటే మనవాళ్లకు ఈ ఘాటే బడి.

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి వెళ్లిన గాలిని పదహారు, పదిహేడు రెట్లు కుదిస్తే అది ఐదారు వందల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టిన ఆలోచన ఇప్పటికీ అదే. చలిలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. వచ్చే గాలి చల్లన, సిలిండరు గోడలు చల్లన, ఆయిలు చిక్కన. బ్యాటరీ కూడా నీరసించి ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది. పుట్టిన కాస్త వేడినీ ఇనుము తాగేస్తుంది. అందుకే హీటర్ ప్లగ్గులు పెట్టారు. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చగా వెలిగే స్ప్రింగు బొమ్మ వాటిదే.

ఆ బొమ్మను ఎలా గౌరవించాలో నేను చింతపల్లిలో ఒక సర్వీసు జీపు డ్రైవరు దగ్గర చూశాను. ఇంకా తెల్లారలేదు. అద్దం మీద పేరుకున్న పొరను పాత సంచిగుడ్డతో గీకేశాడు. వేడినీళ్లు పోద్దామని ఒకాయన చెంబు తెస్తే, అద్దం పగిలిపోతుందని వారించాడు. లోపల కూర్చుని తాళం ఒక గడి తిప్పి ఆగాడు. బొమ్మ వెలిగి ఆరింది. సెల్ఫ్ కొట్టకుండా తాళం వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తిప్పి, రెండోసారి ఆరేదాకా చూశాడు. హెడ్‌లైట్లు ఆపేసే ఉన్నాయి. క్లచ్ పూర్తిగా తొక్కి అప్పుడు కొట్టాడు. ఇంజను దడదడలాడుతూ లేచింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ, ముక్కుకు ఘాటుగా కాలని డీజిల్ వాసన. నేను కంగారుగా చూశాను. "ఏటి కాదు బాబూ, కూసింతసేపు ఆగండి. అదే సర్దుకుంటాది" అన్నాడు. రేస్ ఇవ్వలేదు. నిమిషమో రెండు నిమిషాలో గడిచేసరికి ఆ దడదడ మెత్తబడింది, పొగ పలచబడింది. ఆ మార్పు చెవికి తెలియగానే మొదటి గేరులో వేసి, తొక్కకుండా, నింపాదిగా కదిలించాడు. ఇంజను, బండి నిలబడి ఉన్నప్పటికన్నా మెల్లగా నడుస్తున్నప్పుడే త్వరగా వేడెక్కుతుంది. ఇది అతనికి ఎవరో చెప్పగా వచ్చింది కాదు.

కొత్త బండ్లలో ఆ బొమ్మ వెలిగి ఆరడానికి క్షణమే పడుతుంది. మన చలికి చాలాసార్లు దాని అవసరం కూడా రాదు. కొత్త బండిని కొండమీద నిలబెట్టేది ఎక్కువగా బ్యాటరీయే. నిజానికి దాన్ని చంపేది వేసవి. మే నెల ఎండకి లోపల దెబ్బతిన్న బ్యాటరీ కింద ఊళ్లో ఎలాగో నెట్టుకొస్తుంది. ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద పొక్కులా తెల్లగా, పచ్చగా పేరుకున్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. లంబసింగి చలిలో తెల్లవారుజామున దాని లోపం బయటపడుతుంది. గాజువాక ఆటోనగర్‌లో ఒక్క పావుగంట ఆగి బ్యాటరీని లోడ్ మీద పరీక్ష చేయించుకుంటే ఈ బెడద ఉండదు. టెర్మినళ్లు శుభ్రం చేయించి వ్యాజిలిన్ రాయించండి.

ఇక డీజిల్ గడ్డకట్టడం గురించి. డీజిల్‌లో సహజంగా మైనం ఉంటుంది. చలికి అది పలుకులు పలుకులుగా కట్టి ఫిల్టరును మూసేస్తుంది. మన ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం అలా మూసుకుపోయే హద్దు చలికాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు మించకూడదు. 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై ఇప్పుడు హెచ్‌పీసీఎల్ నడుపుతున్న రిఫైనరీ ఉన్న ఊరు మనది. అయినా డీజిల్ గడ్డకడుతుందంటే ఇక్కడ చాలామంది నమ్మరు. లంబసింగిలో అలా ఆగిన బండిని నేనూ చూడలేదు. ఆ ఘోరమైన చలి ఉండేది తెల్లవారేముందు కొద్ది గంటలే. యాభై, అరవై లీటర్ల ట్యాంకు అంతలో చల్లారిపోదు. అందుకే ట్యాంకు నింపుకుని వెళ్లమంటాను. ఇంకో కారణం కూడా ఉంది. సగం ఖాళీ ట్యాంకులో ఉన్నది మన సముద్రపు తేమగాలి. కొండమీద అది నీటిబొట్లుగా మారి డీజిల్‌లో కలుస్తుంది. ఫిల్టరు అడుగున చేరిన నీటిని చలికాలానికి ముందే తీయించాలి.

ఇక్కణ్నుంచి లద్దాఖ్ దాకా బండి తోలుకెళ్లే కుర్రాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. అక్కడ ఈ లెక్కలు ప్రాణం మీదికే వస్తాయి. అక్కడి చలికి తట్టుకునేలా, మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్‌ను పానిపట్ రిఫైనరీలో తయారుచేసి ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్‌లో విడుదల చేసింది. కొత్త బీఎస్-6 బండ్లు కొన్నింటిలో పొగను శుభ్రం చేయడానికి పోసే యూరియా ద్రావణం మైనస్ 11 దగ్గరే గడ్డకడుతుంది. చలికాలంలో అటు వెళ్లేవాళ్లు కింద ఊళ్లలో డీజిల్ నింపిన ట్యాంకుతో పైకెక్కకూడదు. ట్యాంకు కింద మంట పెట్టే పాత అలవాటును కళ్లతో చూసినా అనుసరించకూడదు.

అన్నిటికన్నా నాకు భయమేసేది దిగుడు. దాదాపు రెండు టన్నుల బండి, వెనక ఫోర్ వీల్ డ్రైవ్ అని రాసి ఉంటే నడిపేవాడికి లేనిపోని ధైర్యం వస్తుంది. ఆ ఏర్పాటు కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. మనాలీ మంచు మీదైనా, సిల్వర్ ఓక్ ఆకులు తడిసి అంటుకుపోయిన ఘాట్ మలుపులోనైనా ఆపాల్సింది అవే నాలుగు టైర్లు. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట, అందులో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. న్యూట్రల్‌లో జారవిడిస్తే కాలేది బ్రేకు లైనర్లే. పొగమంచులో హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది, డిప్‌లోనే వెళ్లాలి. అద్దం లోపల ఆవిరి పట్టినప్పుడు ఏసీ, హీటరు రెండూ కలిపి వేస్తే తేటపడుతుంది. ఎదురుగా ఎక్కివచ్చే బండికి దారి ఇవ్వాలి, అది చట్టం కూడా.

వారాంతాల్లో విశాఖ నుంచి అర్ధరాత్రి బయలుదేరి సూర్యోదయానికి లంబసింగి చేరాలన్న పరుగు మానుకోమని చేతులెత్తి అడుగుతున్నాను. నిద్రలేని కళ్లతో, పొగమంచు చిక్కగా ఉన్న వేళ, తెలియని ఘాటు ఎక్కడం అవసరం లేదు. ఆ మంచు ఉదయం ఎనిమిది, తొమ్మిది దాకా ఉంటుంది. ముందురోజు వెలుగుండగానే ఎక్కి పైన పడుకోవచ్చు.

అలా ముందురోజే వెళ్లేవాళ్లతో ఒక మాట. రాత్రి ఏ వేళప్పుడు చూసినా అక్కడ రోడ్డు పక్కన ఇంజను ఆపని బండ్లు వరసగా కనిపిస్తాయి. పొగంతా ఎదురుగా ఉన్న గిరిజనుల ఇళ్లలోకి పోతుంది. గంటల తరబడి ఐడ్లింగ్‌లో ఉంచితే బీఎస్-6 బండిలో పొగమసిని పట్టే ఫిల్టరు నిండిపోతుంది. పొగగొట్టంలో ఎక్కడైనా చిల్లుంటే ఆ పొగ లోపల నిద్రపోతున్న మనిషిని తీసుకుపోతుంది. ఆ బండ్లలో పడుకున్నవాళ్లు చాలావరకు అద్దె బండ్ల డ్రైవర్లు. గది తీసుకున్న కుటుంబానికి లోపల దుప్పట్లు ఉంటాయి, డ్రైవరుకు బండి హీటరే దిక్కు. మర్నాడు ఆ మలుపులన్నీ దాటించి మిమ్మల్ని కిందికి దించాల్సింది అతనే. గది మాట్లాడేటప్పుడే అతనికీ ఒక మంచం, రెండు దుప్పట్లు అడగండి. ఆ ఖర్చును ప్రయాణం లెక్కలో డీజిల్ పక్కనే రాసుకోండి.