గుంటూరు గ్రహణం మీద పదకొండు స్లైడ్లు

హీలియం గురించి నెట్‌లో వెతికితే గుంటూరు పేరు వస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ గుంటూరు నుంచి సూర్యుడి వర్ణపటం చూశాడని, అందులో కనిపించిన పసుపు గీతే హీలియం జాడ అని చెబుతారు. మన ఊరి పేరున్న కథ కాబట్టి తెలుగునాట సైన్సు చెప్పేవాళ్ళందరికీ ఇది ఇష్టమైన కథ. జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే ఒక టీచరమ్మ కాంతి విక్షేపణం పాఠానికి తోడుగా దీన్ని పదకొండు స్లైడ్లలో తయారు చేశారు. తర్వాత స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో తోటి ఉపాధ్యాయుల ముందు ఆ స్లైడ్లు పెట్టి, ఒక్కొక్కటీ ఎక్కణ్ణుంచి ఎలా వచ్చిందో విప్పి చూపించారు. స్లైడ్లు బాగున్నాయి. విప్పి చూపించిన తీరు ఇంకా బాగుంది.

ఇలాంటి శిక్షణలు మామూలుగా ఎలా జరుగుతాయో ఉపాధ్యాయులందరికీ తెలుసు. ఉపయోగపడే వెబ్‌సైట్ల జాబితా ఒకటి బోర్డు మీదికి వస్తుంది. ఫోటో తీసుకోమంటారు. అక్షరాలు ఎగిరొచ్చేలా చేయడం, రంగులు మార్చడం నేర్పుతారు. ఆ ఫోటో ఫోన్లోనే ఉండిపోతుంది. ఈమె జాబితా ఏదీ ఇవ్వలేదు. ఒకే ఒక్క వాక్యం రాశారు: “హీలియంను గుంటూరులో కనుక్కున్నారు.” దీన్ని పిల్లలకు చెప్పవచ్చా, ఎవరి మాట మీద చెప్పాలి? గదిలో ఉన్నవాళ్ళంతా ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆమెతో పాటు వెనక్కి నడిచారు.

మొదటి మెట్టు అందరూ ఎక్కేదే, సెర్చ్ పేజీ. అయితే ఆమె మొదట వచ్చిన లింకు తెరిచి పైనుంచి కిందికి చదువుతూ కూర్చోలేదు. నాలుగైదు పేజీలు పక్కపక్కన తెరిచి, ప్రతి దానిలో ముందు అడుగుభాగానికి వెళ్ళారు. ఆ మాటకు ఆధారంగా ఏం చూపించారు? కొన్నింటిలో ఏమీ లేదు. మిగిలినవి ఒకదాన్నొకటి చూపించుకుంటున్నాయి. వాక్యాల అమరిక కూడా ఇంచుమించు ఒకటే. పది పేజీలు ఒకే మాట చెబుతున్నా అక్కడున్నది ఒక్క సాక్షే అని చూస్తుండగానే తేలిపోయింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన సామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో రాసిన ఒక పరిశోధనా పత్రం ఈ నేర్పు గురించే. పదిమంది చరిత్రకారుల్ని, పదిమంది వృత్తిగత నిజనిర్ధారకుల్ని, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని వెబ్ పేజీల ముందు కూర్చోబెట్టి గమనించారు. నిజనిర్ధారకులు ఆ పేజీలో ఎక్కువసేపు ఉండలేదు. వెంటనే బయటికొచ్చి, దాని గురించి ఇతరులు ఏమంటున్నారో పక్క ట్యాబుల్లో చూశారు. చదువులో పండిపోయిన చరిత్రకారుల్లో కూడా చాలామంది పేజీ నిగనిగలకు లోబడ్డారు. బాగా చదివినవాళ్ళకే ఇలా అయినప్పుడు, రేపటి పీరియడ్ కోసం రాత్రి పదింటికి వెతుక్కునే ఉపాధ్యాయుడికి ఈ నేర్పు ఎవరైనా పక్కన కూర్చుని చూపించాల్సిందే.

నాకు బాగా నచ్చింది రెండో మెట్టు. జాన్సెన్ తన మాటల్లో ఏం రాశాడో చూడాలి. ‘జాన్సెన్, గుంటూరు’ అని కొడితే మళ్ళీ ఆ కొత్త పేజీలే వస్తున్నాయి. అక్కడ ఆమె అడిగారు: “అప్పట్లో మన ఊళ్ళ పేర్లు దొరలు ఎలా రాసేవాళ్ళు సార్?” సోషల్ మాస్టారు వెంటనే అందుకున్నారు. మచిలీపట్నం మసూలిపటం, కాకినాడ కొకనాడ, గుంటూరుకు మధ్యలో రెండు ఓలు. ఆ పాత స్పెల్లింగులు, 1868 అనే అంకె, ఫ్రెంచిలో గ్రహణం అనే మాట కలిపి కొట్టారు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం నడిపే ‘గాలికా’లో ఫ్రెంచి సైన్సు అకాడమీ పత్రిక ‘కోంత్ రాందూ’ 67వ సంపుటం తెరుచుకుంది. 838వ పేజీలో జాన్సెన్ ఉత్తరం ఉంది. దాని శీర్షికలో కొకనాడ అని ఉంది! గుంటూరు పేరుతో ఎంత వెతికినా అది ఎందుకు చేతికి అందలేదో అప్పుడు అర్థమైంది. కాకినాడ ఒకప్పుడు కొకనాడ అని తెలిసిన మనిషి పక్కనుంటే అరనిమిషంలో తేలే పని, తెలియనివాడికి ఒక సాయంత్రం పడుతుంది. వెతకడంలో సగం నైపుణ్యం వెతికేవాడికి ఆ నేల మీద ఉన్న ఎరుకలోనే ఉంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఉపాధ్యాయుల దగ్గర ఆ ఎరుక దండిగా ఉంది. దాన్ని సెర్చ్ పెట్టెలోకి దించడం ఒక్కటే వాళ్ళకు నేర్పాలి.

ఫ్రెంచి ఎవరికీ రాదు. ఫోన్లో గూగుల్ లెన్స్ తెరిచి పేజీ మీద పెడితే ఇంగ్లీషు వచ్చింది. యంత్రం చేసిన అనువాదాన్ని ఆమె అలాగే నమ్మేయలేదు. అంకెలు, తేదీలు, పదార్థాల పేర్లు మూలంలోనూ ఉన్నాయో లేదో వేలు పెట్టి సరిచూశారు. హైడ్రోజన్ అనే మాట ఏ భాషలోనైనా గుర్తుపట్టవచ్చు కదా. ఉత్తరంలో ఉన్న సారం ఇది: గ్రహణ సమయంలో సూర్యుడి అంచున లేచే ఎర్రటి జ్వాలలు వాయువులని, వాటిలో ప్రధానంగా హైడ్రోజన్ ఉందని తేలింది. వర్ణపటంలో వాటి గీతల వెలుగు చూసి, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చు కదా అని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడు పొద్దున్నే చూశాడు, కనిపించాయి. కొత్త మూలకం ఊసు ఆ ఉత్తరంలో లేదు.

అలాంటప్పుడు పసుపు గీత ఎవరిది? ఆ గ్రహణాన్ని మన దేశంలో చాలామంది చూశారు. మేజర్ టెనెంట్ గుంటూరులోనే ఉన్నాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్‌సన్ మచిలీపట్నంలో, జాన్ హెర్షెల్ జమఖండిలో ఉన్నారు. సోడియం గీత ఉండే చోటో, దాని దగ్గరో ఒక గీత కనిపించిందని పాగ్‌సన్ రాశాడు. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ గ్రహణంతో పనిలేకుండా అక్టోబర్ 20న అదే జ్వాలల వర్ణపటం చూశాడు. ఆ పసుపు గీత సోడియంది కాదని తేల్చే పనికి పూనుకున్నది ఆయనే. జాన్సెన్ ఉత్తరం, లాకియర్ వార్త రెండూ అక్టోబర్ 26న ఒకే సమావేశంలో అకాడమీ ముందుకు వచ్చాయి. ఇద్దరి ముఖాలతో ఒక పతకం కూడా వేయించారు. ఒకే పతకం మీద రెండు ముఖాలుంటే, కనుక్కున్నదీ ఒకటే అని తర్వాతివాళ్ళు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. భూమి మీద హీలియం చేతికి చిక్కింది 1895లో, విలియం రామ్సే క్లీవైట్ ఖనిజంతో పనిచేస్తున్నప్పుడు. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థకు చెందిన బిమన్ నాథ్ ఈ చిక్కుముడి అంతా విప్పుతూ 2013లో ఒక పుస్తకమే రాశారు. టీచరమ్మ దాని వివరాలు చివరికి చూపించారు. తన నడక పూర్తయ్యాక, తను చేరిన చోటికి ఒక పండితుడు కూడా చేరాడో లేదో చూసుకోవడానికి.

దారిలో చిన్న గతుకు ఒకటి తగిలింది. టెనెంట్ నివేదిక శీర్షికలో ఆగస్టు 17–18 అని ఉంది. “అచ్చుతప్పేమో” అన్నారొకరు. టీచరమ్మ తొందరపడలేదు. అప్పటి ఖగోళవేత్తలకు రోజు మధ్యాహ్నం నుంచి మొదలయ్యేది. ఆ లెక్కన 18వ తేదీ పొద్దున పట్టిన గ్రహణం వాళ్ళకు ఇంకా 17 కిందే వస్తుంది. 1925 దాకా పంచాంగాల్లో ఈ పద్ధతి నడిచింది. రెండు ఆధారాలు పొసగనప్పుడు ఒకదాన్ని కొట్టేయకుండా, అవి ఎందుకు తేడాగా ఉన్నాయో అడగడం ఎలాగో అక్కడున్నవాళ్ళు కళ్ళారా చూశారు.

ఇక స్లైడ్ల సంగతి. రెండో స్లైడులో ఆ ప్రసిద్ధ వాక్యం అలాగే ఉంది, చివర ప్రశ్నార్థకంతో. ఎనిమిదో స్లైడులో అదే వాక్యం మళ్ళీ వస్తుంది, ఈసారి పిల్లలు దాన్ని దిద్దాలి. ఈ రెంటి మధ్య ఉన్న ఐదో స్లైడు దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. నల్లటి తెర మీద మూడు పసుపు గీతలు, వాటి కింద మూడు అంకెలు: 589.6, 589.0, 587.6. నానోమీటర్లు. అంతే, శీర్షిక కూడా లేదు. మొదటి రెండూ సోడియంవి, అంటుకున్నట్టుంటాయి. మూడోది కాస్త ఎడంగా ఉంది. ఎడం ఎంత? ఒకటిన్నర నానోమీటర్లు కూడా లేదు. కొన్ని నిమిషాల్లో అయిపోయే గ్రహణంలో, ఆనాటి పరికరంతో, చీకట్లో కంగారుగా చూస్తున్న మనిషి ఆ ఎడాన్ని పట్టగలడా? పిల్లలకు ఈ ప్రశ్న వేసి ఆమె మాట్లాడకుండా నిలబడతారట. తెర మీద రాతలు ఉంటే పిల్లలు అవే చదువుతారు, గీతల్ని చూడరు. చిత్రాన్ని చూపిస్తూ నోటితో చెప్పే మాటల్నే మళ్ళీ తెర మీద రాస్తే నేర్చుకోవడం తగ్గుతుందని మనోవిజ్ఞాన శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ఎన్నో ప్రయోగాలతో చూపించారు. ఈ స్లైడులో ఆ సూత్రం ఎక్కడా పేరు చెప్పుకోకుండా పనిచేస్తోంది. దీన్ని గీసింది మామూలు ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లోనే, మూడు గీతలు లాగి. డౌన్‌లోడ్ చేసిన బొమ్మ ఏదీ దీనికి సాటి రాదు.

ఆరో స్లైడు నేనైతే తీసేస్తాను. అందులో సయాం రాజు మోంగ్‌కుట్ ఉన్నాడు. ఈ గ్రహణాన్ని తనే లెక్క కట్టి, అతిథుల్ని పిలిచి చూపించి, అక్కడే పట్టిన జ్వరంతో అక్టోబర్ 1న చనిపోయిన రాజు. కథ గొప్పది, పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు. కానీ పసుపు గీత దగ్గర బిగిసిన ప్రశ్న అక్కడ సడలిపోతుంది. నాసా వెబ్‌సైట్ నుంచి తెచ్చిన గ్రహణ మార్గం పటం ఒక్కటి ఉంచితే చాలు.

బొమ్మల విషయంలో ఆమె పట్టింపు చూడాలి. 1868 గ్రహణం ఫోటో అంటూ తిరిగే బొమ్మల్ని రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వేసి, అవి మొదట ఎక్కడ కనిపించాయో చూస్తారు. వేరే ఏడాది గ్రహణమైతే పక్కన పెట్టేస్తారు, ఎంత అందంగా ఉన్నా. వికీమీడియా కామన్స్ నుంచి తీసుకున్న ప్రతి బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఎవరిది, ఏ లైసెన్సు అని ఉంటుంది. ఉత్తరం పేజీ నంబరు, లింకు స్పీకర్ నోట్స్‌లో ఉంటాయి. ఆ ఫైలు ఇంకో ఊరి ఉపాధ్యాయుడి చేతికి వెళ్ళినా, ప్రతి మాటకూ ఆధారం దానితో పాటే వెళుతుంది. నెట్ పోతే పాఠం ఆగకూడదని అన్నీ ఫైల్లోనే దించుకుని, పీడీఎఫ్ ప్రతి ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటారు.

ఏఐ చాట్‌బాట్‌ను కూడా వాడారు. ఏ పాత పత్రికల్లో వెతకాలి, ఆ కాలంలో ఏ పారిభాషిక పదాలు వాడేవారు లాంటివి అడిగారు. అది చెప్పినదాన్ని స్లైడులోకి నేరుగా ఎక్కించలేదు. దాని జవాబు కూడా తన కళ్ళతో అచ్చుపేజీ చూసేదాకా పెండింగే అన్నారు. సరైన చోటే గీత గీశారు.

రెండో పూట అందరూ తమ తమ పాఠాలతో కూర్చున్నారు. “మీ పాఠంలో మీకే అనుమానమున్న వాక్యం ఒక్కటి చెప్పండి సార్” అని టీచరమ్మ అడిగి, వాళ్ళ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మౌస్ మాత్రం ముట్టుకోరు. ఎదుటివాళ్ళు తప్పు లింకు నొక్కితే నొక్కనిస్తారు, అక్కణ్ణుంచి వాళ్ళే బయటికి వచ్చేదాకా ఆగుతారు. తెలిసినవాళ్ళకు ఇంత ఓపిక ఉండటం అరుదు, నేర్పడంలో ఇంతకు మించిన పనితనం లేదు. “మేడమ్, ఇంత టైమ్ మాకెక్కడిది?” అని ఒక మాస్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. “అన్ని పాఠాలకీ వద్దు సార్. టర్ముకి ఒక్కటి చెయ్యండి. కాంప్లెక్స్‌లో ఒక్కో బడి ఒక్కోటి చేస్తే అందరికీ సరిపోతాయి” అన్నారామె. ఆ లెక్కకే షేర్డ్ ఫోల్డర్ ఒకటి అక్కడికక్కడే తెరిచారు.

సోషల్ మాస్టారు ఎంచుకున్నది విశాఖపట్నం. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడి తన వేధశాల నుంచి గమనించిన అంకితం వెంకట నరసింగరావు గురించి పాఠం. ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే పెద్దగా ఏమీ రాలేదు. పొద్దున నేర్చుకున్న కిటుకు గుర్తుచేసుకుని, దొరలు రాసినట్టు ‘నర్సింగ్ రో’ అని కొట్టారు. లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రిక పాత సంచికలు వరుసగా తెర మీదికి వచ్చాయి. టీచరమ్మ కుర్చీ ఆయన పక్కకు జరుపుకున్నారు. “తేదీ దగ్గర ఒక్కసారి ఆగండి సార్. అది మన లెక్కో, మధ్యాహ్నం లెక్కో చూసుకుని రాసుకోండి.”