పైన చల్లన, అడుగున వెచ్చన

జనవరి తెల్లవారుజామున శ్రీకాకుళం జిల్లా భావనపాడు ఒడ్డున వణుకుతూ నిలబడినవాడికి సముద్రపు నీళ్లు వెచ్చగానే తగులుతాయి. గాలి అంత చల్లగా ఉంటుంది మరి. నిజానికి సముద్రం కూడా చల్లబడే ఉంటుంది. మే నెలలో 30 డిగ్రీలుండే నీరు ఈపాటికి 25 దగ్గరికి దిగుతుంది. నార్వేలోని లొఫోటెన్ దీవుల దగ్గర జనవరి నుంచి ఏప్రిల్ దాకా కాడ్ చేపలు పట్టేవాళ్లు వింటే నవ్వుతారు. వాళ్ల లెక్కలో ఇవి వేన్నీళ్లు. అయినా ఇక్కడి సంతబొమ్మాళి తీరంలో ఏడాది వేట తీరును మార్చేది ఆ అయిదు డిగ్రీలూ, వాటితో పాటు వచ్చే మార్పులే.

శీతల దేశాల్లో నీరు చల్లబడితే చాలా చేపల ఒళ్లు మందగిస్తుంది. తిండి తగ్గించి, లోతు చూసుకుని కదలకుండా పడి ఉంటాయి. ఇక్కడ అంత చలి లేదు. మారేది నీటి అమరిక. వానాకాలం ముగిశాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది మోసుకొచ్చిన మంచినీరు సముద్రం మీద పొరలా పరుచుకుని, తీరం వెంట దక్షిణానికి దిగుతుంది. ఉప్పు తక్కువ కాబట్టి అది తేలిక. చలిగాలికి చల్లబడినా మునగదు. దాని కింద ఉప్పునీరు వెచ్చగానే ఉండిపోతుంది. మామూలుగా ఏ సముద్రంలోనైనా లోతుకు వెళ్లేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. ఉత్తర బంగాళాఖాతంలో ఈ రెండు మూడు నెలలూ పైన చల్లన, కొన్ని బారల కింద వెచ్చన. ఫిబ్రవరికి ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది, పొరలు మళ్లీ కలుస్తాయి.

తుపాన్ల కాలం దాటాక కెరటం కూడా తగ్గుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర ఒడ్డు దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చింది. అలాంటి అక్టోబర్లు గడిచాక వచ్చే నెమ్మది సముద్రంలోనే కవ్వలు, కానాగంతలు, నెత్తళ్లు, సావళ్లు మందలుగా ఒడ్డుకు దగ్గరగా తిరుగుతాయి. వాటి కోసం పుట్టిన వల అలివి.

అలివి పని చూడ్డానికి తేలిక. తాడు ఒక కొస ఒడ్డున కొందరి చేతుల్లో ఉంటుంది. వల నింపుకున్న నావ లోపలికి వెళ్లి, అర్ధచంద్రంలా చుట్టు తిరుగుతూ వల జారవిడిచి, రెండో కొసతో మరోచోట ఒడ్డు చేరుతుంది. రెండు వైపులా జనం లాగుతారు. పైన బెండ్లు తేలుతుంటాయి, కింద బరువులు ఇసుకను రాసుకుంటూ వస్తాయి. మధ్యలో సంచి. లాగుతున్నకొద్దీ రెండు వరసలూ దగ్గరవుతాయి. ఒక వరస ముందుకు పోయినా, అడుగుతాడు ఇసుక మీంచి లేచినా, మంద ఆ సందులోంచి జారిపోతుంది. అందుకే బలం కంటే జోడు కుదరడం ముఖ్యం.

కానీ అసలు విద్య తాడు పట్టకముందే ఉంది. వల ఎక్కడ వెయ్యాలి? ఒడ్డున నిలబడి నీటి రంగు చూస్తారు. చుట్టూ నీలంగా ఉన్నచోట నల్లటి మచ్చ కదులుతోందా, గాలి లేనిచోట చిన్న గగుర్పాటు కనిపిస్తోందా, పక్షులు ఒక్కచోటే మునిగి లేస్తున్నాయా. మచ్చ ఎటు సాగుతోందో చూసి, నావ చుట్టు తిరిగేసరికి అది ఎక్కడికి చేరుతుందో అంచనా కట్టాలి. వలను మంద ఉన్నచోట వేస్తే ఆలస్యం. మంద రాబోయేచోట వెయ్యాలి. ఇలాంటి చూపున్న మనిషిని నా లెక్కలో ఇంజన్ కంటే విలువైన పనిముట్టు అనాలి.

రాత్రి వేటకు పోయేవాళ్ల లెక్క వేరు. నిలువు వలకు చీకటి కావాలి. వెన్నెల్లో చేప దారాన్ని చూసి తప్పుకుంటుంది. అమావాస్య రాత్రి కూడా కొన్నిసార్లు నీళ్లలోని సూక్ష్మజీవులు కదిలితే మెరుస్తాయి. అప్పుడు వల అంచులన్నీ వెలుగుతాయి, చేప పడదు. ఆ మెరుపులోనే మంద జాడా తెలుస్తుంది, అది వేరే సంగతి. కానాగంతల వలకు కన్ను సుమారు 50 మిల్లీమీటర్లు. అంతకు చిన్నదైతే తల దూరదు, పెద్దదైతే ఒళ్లంతా దాటిపోతుంది. తిరుగు దారికి పగలైతే మహేంద్రగిరి, రాత్రయితే కళింగపట్నం, బారువ దీపస్తంభాలు.

నౌపడ ఉప్పుటేరులో ఇంకో వేట. పోటుతో లోపలికొచ్చిన చేప పాటులో సముద్రానికి మళ్లుతుంది. మొగ దగ్గర విసురువల పట్టుకున్నవాడు ఆ వేళకు కాపు కాస్తాడు. ఈ చిత్తడి నేలల్లో చేప ఎంతుందో చెప్పడానికి సర్వేలు అక్కర్లేదు. చలికాలమంతా తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ పిల్లల్ని సాకేది చాలావరకు ఇక్కడి తిండితోనే.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో నీటి వేడినీ, పచ్చదనాన్నీ చూసి చేపలుండే అవకాశమున్న చోట్లు చెబుతుంది. దూరం పోయే పడవలకు అది గొప్ప సాయం, డీజిల్ మిగులుతుంది. ఒడ్డుకు అర కిలోమీటరులో తిరిగే మంద మాత్రం దానికి అందదు. అక్కడ కన్నే కావాలి.

ఆ కళ్లు ఇప్పుడెక్కడున్నాయి? చాలావరకు గుజరాత్‌లో. శ్రీకాకుళం తీరం కుర్రాళ్లు ఆగస్టులో వేరావల్ వెళ్లి అక్కడి ట్రాలర్ల మీద కూలికి చేరుతున్నారు. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకున్న మనవాళ్లు ఆ పడవల మీదివాళ్లే. వాళ్లలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చారు. అలివికి జనం కావాలి. జనం కావలసిన నెలల్లోనే ఊళ్లో ముసలివాళ్లూ పిల్లలూ ఆడవాళ్లూ మిగులుతున్నారు. కూలి ఖాయంగా దొరికే చోటికి పోయినవాణ్ణి తప్పుపట్టలేం. వల ఖాళీగా వచ్చిన రోజు వాటాకు ఏమీ మిగలదు కదా.

2023 ఏప్రిల్‌లో ఈ తీరానే శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు పని ఇస్తుందన్న ఆశ ఉంది. ఇసుక మాటేమిటన్నది నా అనుమానం. మన తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద ఎక్కువగా ఉత్తరానికే సాగుతుంది. దానికి రాతిగోడ అడ్డం పడితే ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ బీచ్‌కు ఇసుక తెచ్చి పోయడం దశాబ్దాలుగా చూస్తున్నాం. అలివి లాగడానికి చదునైన ఇసుక ఒడ్డు తప్పనిసరి.

గుజరాత్ వెళ్లినవాళ్లు వేసవికి తిరిగొస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు వేట నిషేధం. తెడ్డుతో నడిచే నావకు ఆ అడ్డు లేదు గానీ, అప్పటికి దక్షిణపు గాలి మొదలై కెరటం లేస్తుంది. మందలూ పలుచబడతాయి. ఆగస్టు వచ్చేసరికి మళ్లీ వేరావల్ రైలు.