దయ ఒక్కటే చాలదు: ‘శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.’పై వైద్యనీతి విమర్శ

2004లో జయంత్ సి. పరాన్జీ దర్శకత్వంలో వచ్చిన ‘శంకర్ దాదా ఎం.బి.బి.ఎస్.’కు హిందీ చిత్రం ‘మున్నాభాయ్ ఎం.బి.బి.ఎస్.’ (2003) మూలం. రోగిని కేసుగా కాక మనిషిగా చూడాలన్న దీని సందేశం నేటికీ విలువైనదే.

అయితే ఈ కథలో చదువున్నవారికి దయ ఉండదు. దయ ఉన్నవాడికి చదువు అక్కర్లేదు. ప్రవేశ పరీక్షలో చేసిన మోసం సైతం నవ్వుల్లో కలిసిపోతుంది. ఇందులోని ప్రమాదాన్ని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం.

అంబాజీపేటలో కొబ్బరి దింపు కార్మికుడు చెట్టుపైనుంచి పడ్డాడనుకోండి. నలుగురూ ఆదుర్దాగా కాళ్లూ చేతులూ పట్టి లేపితే, విరిగిన వెన్నుపూస వెన్నుపామును దెబ్బతీయవచ్చు. అతణ్ణి కదలనీయకుండా చేర్చే అంబులెన్సు సిబ్బంది, ఎక్స్‌రే తీసే రేడియోగ్రాఫరు, తిరిగి నడిపించే ఫిజియోథెరపిస్టు: వీరి నైపుణ్యంలోనే దయ ఉంది. కథానాయకుడి చుట్టూ తిరిగే ఈ చిత్రం వీరిని పట్టించుకోదు. అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం కూడా 2021లో గానీ రాలేదు.

తనకు తెలియని పని రోగిపై చేయకపోవడం వృత్తినీతిలో తొలి మెట్టు. శంకర్ దాదా ఆ మెట్టు ఎక్కలేదు.

ఆలోచించండి: నైపుణ్యం లేని దయ వల్ల హాని జరిగిన సందర్భం మీ ఊళ్లో ఏదైనా ఉందా?