తాళం లేని క్రిస్మస్ పాట

డిసెంబర్ 25న మెదక్ చర్చిలో తొలి ఆరాధన తెల్లవారకముందే మొదలవుతుంది. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో ఆకలిగొన్నవారికి పని చూపిస్తూ 1914లో ఆరంభించిన కట్టడం అది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఈ సి.ఎస్.ఐ. కేథడ్రల్‌లో జనం పాడుకునేవి రాగతాళాలున్న తెలుగు కీర్తనలు. ఆ కీర్తనలు పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే కథోలిక సంఘం క్రిస్మస్ పగటి పూజకు ‘పుయెర్ నాతుస్ ఎస్త్ నోబిస్’ అనే ప్రవేశగీతాన్ని నిలుపుకుంది. మనకు శిశువు పుట్టాడన్న యెషయా 9:6 ప్రవచనమే దాని సాహిత్యం. కీర్తనలు వింటూ పెరిగిన చెవికి ఈ లాటిన్ గానం ఏమంత పరాయిది కాదు.

ముందు దాని నిర్మాణం చూద్దాం. మొదట పల్లవిలాంటి ముఖ్యభాగం, తర్వాత కీర్తనల గ్రంథం నుంచి ఒక చరణం, ఆపైన త్రిత్వ స్తుతి, చివరికి మళ్లీ పల్లవి. గాయకబృందం ఎంత పెద్దదైనా అందరిదీ ఒకే స్వరం. పాశ్చాత్య సంగీతం అనగానే గుర్తొచ్చే బహుస్వర మేళనం ఇందులో లేదు. మన సంగీతంలో లాగే భారమంతా ఒక్క వరుస మీదే.

గ్రెగరీ గానం అనే ఈ సంప్రదాయానికి ఎనిమిది స్వరరీతులున్నాయి. అర్ధరాత్రి పూజలోని ప్రవేశగీతం రెండో రీతిలో, కొద్దిపాటి స్వరాల మధ్యే మంద్రంగా కదులుతుంది. పగటి పూజ గీతం ఏడో రీతిలోది. దాని స్వరాల వరుస మన హరికాంభోజికి సరిపోతుంది. మొదటి మాటలోనే గొంతు షడ్జమం నుంచి ఒక్కసారిగా పంచమానికి లేస్తుంది. చరణాన్ని పఠించే స్వరం కూడా ఆ పంచమమే. అంటే తొలి అడుగే పాట నిలవాల్సిన చోటికి చేరుస్తుంది. రాత్రి మెల్లగా చెప్పుకున్న వార్తను పగలు ఊరంతటికీ చాటడం అందులో వినిపిస్తుంది.

దీనికి తాళం లేదు. మన నాటకాల్లో పద్యం రాగంలో సాగినట్టే ఇదీ మాట నడకను బట్టి సాగుతుంది. కొన్ని అక్షరాలకు ఒకే స్వరం, కొన్నిటికి స్వరాల గుత్తి. వాక్యం ముగిసినచోటే ఊపిరి. మాట స్పష్టత చెడితే ఎంత చక్కని గొంతైనా వృథా.

మొదట్లో ఇదంతా గురువు నోటి నుంచి శిష్యుడికి చేరిన విద్యే. తొమ్మిదో శతాబ్దం నుంచి అక్షరాల పైన గుర్తులు పెట్టడం కనిపిస్తుంది. పదకొండో శతాబ్దంలో అరెజ్జోకు చెందిన గిడో అనే సన్యాసి గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని స్థిరపరిచాడు. కాలక్రమంలో వికటించిన వరుసలను ఫ్రాన్స్‌లోని సొలెం మఠ సన్యాసులు పాత ప్రతులు వెతికి సరిదిద్దారు. 1903లో పదో పయస్ పోప్ ఈ గానాన్ని తిరిగి ప్రతిష్ఠించారు. 1963లో రెండో వాటికన్ మహాసభ పూజలో ప్రజల భాషలకు తలుపు తెరుస్తూనే, గ్రెగరీ గానానికి ప్రథమ స్థానం ఇవ్వాలని చెప్పింది.

ఆ రెండు మాటలనూ తెలుగు గాయకబృందాలు కలిపి ఆచరించవచ్చు. లాటిన్ వరుసను తెచ్చి తెలుగు మాటల మీద అతికిస్తే మాత్రం గురులఘువులు దెబ్బతింటాయి. వరుసను కాక విధానాన్ని తెచ్చుకోవాలి: లేఖనమే సాహిత్యం, ఒకే స్వరం, తాళం పట్టు లేని పఠనం, అందరూ అందుకునే పల్లవి. పద్యాన్ని రాగంలో చదవడం తెలిసిన జాతికి ఇది కష్టమేమీ కాదు. మైకుల హోరు, కీబోర్డు మోత పెరుగుతున్న ఈ రోజుల్లో ప్రవచనంలోని ప్రతి మాటా వినబడే ఒక్క పాటనైనా ప్రతి చర్చీ క్రిస్మస్‌కు నేర్చుకోవాలి. దానికి ఖర్చు లేదు. కావలసిందల్లా సాధన, ఒకరి గొంతు ఒకరు వినే ఓపిక.