వాంపైర్ పేరు బిల్

షార్లెయిన్ హారిస్ రాసిన ‘డెడ్ అన్‌టిల్ డార్క్’లో వాంపైర్ ఉరుములు మెరుపుల మధ్య రాడు. మామూలుగా బార్‌లోకి నడిచొచ్చి ఒక బల్ల దగ్గర కూర్చుంటాడు. అక్కడ పనిచేసే వెయిట్రెస్ సూకీ స్టాక్‌హౌస్‌కి పట్టరాని సంబరం. తమ ఊరికి ఒక్క వాంపైరైనా రాకపోతాడా అని ఏళ్ల తరబడి చూస్తోంది మరి. అతను సీసాలో అమ్మే కృత్రిమ రక్తం ఉందా అని అడుగుతాడు. ఆర్డరిచ్చాం, వచ్చే వారం వస్తుందంటుంది ఆమె. సరే, ఎర్ర వైన్ ఇమ్మంటాడు. తర్వాత అతని పేరు బిల్ అని తెలిశాక ఆమెకి నవ్వు ఆగదు. వాంపైరన్నాక ఏ ఆంత్వానో అయి ఉంటాడనుకుంది పాపం!

నవల మొత్తానికి శ్రుతి ఇక్కడే కుదిరింది. హారిస్ ఎక్కడా హాస్యం కోసం హాస్యం రాయదు. అసాధ్యమైనదాన్ని తెచ్చి స్టాకు, జీతం, ఫోన్ కాల్స్ మధ్య కూర్చోబెడుతుంది. నవ్వు దానంతటదే పుడుతుంది. బిల్ పాత ఇల్లు బాగుచేయించుకోవాలి. ఎలక్ట్రీషియన్లూ ప్లంబర్లూ పగటిపూటే దొరుకుతారు, అతనేమో పగలు లేవలేడు. కాబట్టి వాళ్లకి ఫోన్లు చేసిపెట్టే పని సూకీది. ‘తులసిదళం’ చదివి రాత్రిళ్లు దీపం ఆర్పడానికి జంకిన మన పాఠకులకు, అతీంద్రియం ఇంత ఇంటిమనిషిలా మసలడం కొత్తగానే ఉంటుంది.

ఈ నవల 2001లో వచ్చింది. కథ జరిగే బాన్ టాన్ లూసియానాలోని చిన్న ఊరు, పూర్తిగా కల్పితం. మిసిసిపీలో పుట్టిన హారిస్‌కి అమెరికా దక్షిణాది పల్లెటూళ్ల మాటతీరు, చర్చి మర్యాదలు, బంధుత్వాల లెక్కలు కొట్టిన పిండి. పైగా 1990 నుంచే అరోరా టీగార్డెన్ అనే లైబ్రేరియన్ నాయికగా చిన్న ఊరి హత్యల కథలు రాస్తోంది. ఆ అనుభవం ఈ పుస్తకంలో ప్రతి పేజీలోనూ పనిచేసింది. 2002లో ఆంథొనీ అవార్డు దీనికి వచ్చింది; ఇచ్చింది అపరాధ పరిశోధన సాహిత్యాన్ని ప్రేమించేవాళ్లే. 2008లో మొదలైన ‘ట్రూ బ్లడ్’ సీరియల్‌కి మూలమూ ఇదే. సీరియల్ నెత్తుటి మోతాదు బాగా పెంచింది. నవలలోని సున్నితమైన చమత్కారం కావాలంటే పుస్తకమే చదవాలి.

ఇక నన్ను ఈ నవలకు కట్టిపడేసిన పనితనం గురించి చెప్పాలి. సూకీకి ఎదుటివాళ్ల మనసులోని మాటలు వినిపిస్తాయి. హత్యల కథలో ఇలాంటి నాయికను పెట్టడం పెద్ద సాహసం. మనసులు చదవగలిగితే హంతకుడు రెండో అధ్యాయంలోనే దొరికిపోవాలి కదా? హారిస్ ఈ చిక్కును ఒక్క కిటుకుతో విప్పింది. ఆ శక్తిని వరంగా కాక అవిటితనంగా చూపించింది. బీర్లు మోస్తుంటే పదిమంది ఆలోచనలు ఒకేసారి చెవిలో హోరెత్తుతాయి. తునకలు తునకలుగా, సగం బొమ్మలుగా, అడ్డదిడ్డంగా. అవి లోపలికి రాకుండా ఆమె రోజంతా మనసుకు తలుపులు వేసుకుని, మొహాన ఒక నవ్వు అతికించుకుని పని చేస్తుంది. ఇతరుల మనసులు దొంగచాటుగా వినడం మర్యాద కాదనే పట్టింపు ఒకటి. ఊరివాళ్ల దృష్టిలో మాత్రం ఆమె కాస్త తిక్కపిల్ల.

బిల్ మనసు ఆమెకు వినపడదు. పక్కన కూర్చుంటే నిశ్శబ్దం. చిన్నప్పటి నుంచి మనుషుల మధ్య ఆ సుఖం ఎరగని పిల్ల, చచ్చిపోయిన మనిషి పక్కన మొదటిసారి తెరిపిన పడుతుంది. ప్రేమకు ఇంతకన్నా నమ్మదగిన కారణం ఈ తరహా నవలల్లో నేను చూడలేదు. ఒక్క లక్షణం మీద హాస్యం, ప్రేమ, మిస్టరీ మూడూ నిలబడ్డాయి. దాన్ని తీసేస్తే కథే లేదు.

సూకీ నాయనమ్మ ఎడీల్ మరో ఆణిముత్యం. మనవరాలు వాంపైర్‌తో తిరుగుతోందంటే ఆవిడ బెదరదు. అతనికి అంతర్యుద్ధం గుర్తుందా అని ఆరా తీస్తుంది. ఆ యుద్ధంలో పోయినవాళ్ల వారసుల సంఘంలో ఆవిడ సభ్యురాలు. కళ్లారా చూసినవాడు దొరికితే వదులుతుందా? సభ పెట్టిస్తుంది, బిల్ ఉపన్యసిస్తాడు, ఊరివాళ్లు తమ తాతముత్తాతల గురించి వింటూ కరిగిపోతారు. అదే రాత్రి సూకీ ఇంటికొచ్చేసరికి వంటింట్లో నాయనమ్మ హత్యకు గురై ఉంటుంది. ఇంత దగ్గరదగ్గరగా నవ్వునూ దుఃఖాన్నీ పెట్టి, రెండూ నిజమే అనిపించడం తేలిక కాదు. ఆ ముసలావిడ మనకు ఆప్తురాలైపోయింది కనుకే హంతకుడెవరన్నది అక్కణ్ణుంచి వట్టి పజిల్‌గా మిగలదు.

ష్రీవ్‌పోర్ట్‌లోని వాంపైర్ల బార్ సన్నివేశాలు నాకంతగా రుచించలేదు. ఊరు దాటగానే కథ కొంత పలచబడింది. ఆ లోటును బబ్బా అనే వాంపైర్ పూడ్చేస్తాడు. మెంఫిస్ మార్చురీలో ఒక అభిమాని చేతిలో సరిగ్గా మారక, బుద్ధి మందగించి, పిల్లుల రక్తానికి అలవాటుపడ్డ పాటగాడు. ఎల్విస్ ప్రెస్లీ అని పాఠకుడే పోల్చుకుంటాడు. అతన్ని పాత పేరుతో పిలవొద్దని సూకీకి ముందే హెచ్చరిక.

అన్న జేసన్ మీద హత్యల అనుమానం బిగుసుకున్నాకే సూకీ తన పట్టింపు పక్కనపెట్టి, బార్‌లో మనసు తలుపులు తెరిచి వినడం మొదలుపెడుతుంది. అప్పులు, అసూయలు, దాచుకున్న కోరికలు అన్నీ వినిపిస్తాయి, కావలసిందొక్కటి తప్ప. గుట్టు తెలిశాక మొదటి అధ్యాయాలు మళ్లీ తిరగేశాను. హారిస్ మన దగ్గర ఏదీ దాచలేదు, ఆ హంతకుణ్ణి కళ్లెదుటే తిప్పింది.