ఒకటి, రెండు, మూడు: గుండ్రని ఘనాల లెక్క

ఒక వస్తువు ఎంత చోటు ఆక్రమిస్తుందో తెలిపే కొలత ఘనపరిమాణం. బడిలో నేర్చుకునే గుండ్రని ఘనాకృతులు ముఖ్యంగా మూడు: స్థూపం, శంకువు, గోళం. ఈ మూడింటి సూత్రాలనూ విడివిడిగా బట్టీ పట్టే పిల్లలే ఎక్కువ. నిజానికి వీటి మధ్య ఉన్న చుట్టరికం తెలిస్తే ఒక్క సూత్రం గుర్తుంచుకున్నా చాలు.

ఆ ఒక్కటీ స్థూపానిది. భూవైశాల్యాన్ని ఎత్తుతో గుణిస్తే ఘనపరిమాణం వస్తుంది. దీర్ఘఘనానికి ఉన్న నియమమే ఇది. ఇక్కడ భూమి వృత్తం, అంతే తేడా. వ్యాసార్ధం 7 సెం.మీ., ఎత్తు 14 సెం.మీ. ఉన్న డబ్బాకు, పై (π) విలువ 22/7గా తీసుకుంటే, భూవైశాల్యం 154 చ.సెం.మీ. దాన్ని 14తో గుణిస్తే 2,156 ఘ.సెం.మీ. వెయ్యి ఘ.సెం.మీ. ఒక లీటరు కాబట్టి అందులో రెండు లీటర్లకు పైగా నీళ్లు పడతాయి.

అదే భూమి, అదే ఎత్తు ఉన్న శంకువు ఈ స్థూపంలో మూడో వంతు. అట్టతో రెండూ చేసి, శంకువుతో ఇసుక కొలిచి పోస్తే మూడు సార్లకు డబ్బా నిండుతుంది. ఈ సంగతిని మొదట చెప్పింది డెమోక్రిటస్ అనీ, రుజువు చేసింది యూడాక్సస్ అనీ ఆర్కిమెడీస్ రాశాడు. శంకువు లెక్కలో వాడవలసింది నిలువు ఎత్తు. లెక్కలో ఏటవాలు ఎత్తు ఇస్తే ముందు పైథాగరస్ సిద్ధాంతంతో నిలువు ఎత్తు కనుక్కోవాలి: ఏటవాలు ఎత్తు 25, వ్యాసార్ధం 7 అయితే నిలువు ఎత్తు 24.

గోళం లెక్క తేల్చినవాడు క్రీ.పూ. మూడో శతాబ్దంలో సిరక్యూస్‌లో జీవించిన ఆర్కిమెడీస్. గోళం సరిగ్గా ఇమిడే స్థూపంలో గోళానిది మూడింట రెండు వంతులని ఆయన నిరూపించాడు. తన సమాధిపై ఈ రెండు ఆకృతులే ఉండాలని కోరుకున్నాడంటారు. పైన చెప్పిన డబ్బాలో సరిగ్గా పట్టే బంతి ఘనపరిమాణం సుమారు 1,437 ఘ.సెం.మీ., శంకువుది సుమారు 719. అంటే శంకువు, గోళం, స్థూపం 1 : 2 : 3 నిష్పత్తిలో ఉన్నాయి.

దీనికి బడి పిల్లలకు అందే రుజువు ఉంది. ఒక అర్ధగోళం, దాని పక్కనే అంతే వ్యాసార్ధం, అంతే ఎత్తు గల స్థూపం ఉన్నాయనుకోవాలి. ఆ స్థూపంలోంచి, మొన కిందికి ఉండేలా, నిండు శంకువును తొలిచేయాలి. రెండింటినీ ఒకే ఎత్తులో అడ్డంగా కోస్తే ఒకచోట వృత్తం, మరోచోట ఉంగరం కనిపిస్తాయి. వ్యాసార్ధ వర్గంలోంచి ఎత్తు వర్గం తీసివేసి పైతో గుణిస్తే వచ్చేదే రెండు కోతల వైశాల్యమూ. ప్రతి ఎత్తులోనూ కోతలు సమానం కాబట్టి ఘనపరిమాణాలూ సమానమే. స్థూపంలో మూడో వంతు పోగా మిగిలేది మూడింట రెండు వంతులు, అర్ధగోళం అంతే. ఈ కోతల నియమానికి 1635లో పుస్తకం అచ్చువేసిన కవలియేరి పేరు స్థిరపడింది. చైనాలో జు గెంగ్ అంతకు వెయ్యేళ్లకు పైగా ముందే దీన్ని వాడాడు.

భారతదేశంలో తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు ‘గణితసార సంగ్రహం’లో వ్యాసార్ధ ఘనానికి నాలుగున్నర రెట్లని గోళానికి స్థూలమైన విలువ ఇచ్చాడు. అసలు విలువ సుమారు 4.19 రెట్లు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. భాస్కరాచార్యుడు 1150 నాటి ‘లీలావతి’లో సరైన సూత్రం చెప్పాడు: ఉపరితల వైశాల్యాన్ని వ్యాసంతో గుణించి ఆరుతో భాగించాలి. గోళాన్ని కేంద్రం దాకా మొనదేలిన సన్నని ముక్కల కూర్పుగా చూస్తే ప్రతి ముక్కకూ శంకువు మాదిరే మూడో వంతు నియమం వర్తిస్తుంది.

కళ్లంలో పోసిన ధాన్యపు రాశిని కొలిచే పద్ధతీ ‘లీలావతి’లో ఉంది. రాశి శంకువు ఆకారంలో ఉంటుంది. దాని లోపలి వ్యాసార్ధం కొలవలేం, చుట్టుకొలత మాత్రం తాడుతో కొలవొచ్చు. చుట్టుకొలతలో ఆరో వంతును వర్గం చేసి ఎత్తుతో గుణించాలి. ముతక గింజల రాశి ఎత్తు చుట్టుకొలతలో పదో వంతని కూడా అందులో ఉంది. 12 మీటర్ల చుట్టుకొలతకు ఎత్తు 1.2 మీటర్లు, ఘనపరిమాణం 4.8 ఘనపు మీటర్లు. పైని 3గా తీసుకున్న లెక్క ఇది. 22/7తో చేస్తే 4.58 వస్తుంది. కళ్లం దగ్గర అంచనాకు అది చాలు.

కలగలిసిన ఆకృతులను విడదీసి లెక్కించాలి. మందు గొట్టం (క్యాప్సూల్) అంటే ఒక స్థూపం, రెండు అర్ధగోళాలు. బకెట్ అంటే పెద్ద శంకువులోంచి చిన్న శంకువు తీసేయగా మిగిలినది. వ్యాసార్ధానికి బదులు వ్యాసం వేస్తే స్థూపం, శంకువుల జవాబు నాలుగు రెట్లు, గోళం జవాబు ఎనిమిది రెట్లు తప్పుతుంది.

ఉపాధ్యాయులు సూత్రాల పట్టిక రాయించే ముందు పిల్లల చేత ఇసుక కొలిపించాలి, కోతల రుజువు గీయించాలి. అలా నేర్చిన విద్యార్థి సూత్రం మరిచినా తిరిగి రాబట్టుకోగలడు.