రాత అన్న మాట దగ్గర

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చావు జరిగిన ఇంటి దగ్గర రెండు మాటలు వినబడతాయి. పని చేసే వయసులోనే కిడ్నీలు చెడి చనిపోయిన మనిషి గురించి "ఆడి రాత అంతే, పైన సుఖంగా ఉంటాడు" అనేది ఒకటి. "పైన ఎవరూ లేరు, వేళకి వైద్యం అందక పోయాడు" అనేది రెండోది. ఈ రెండు మాటలవాళ్లూ ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటారు. దేవుడి ప్రసక్తి ఎత్తకుండా ఉంటే చాలు, పరస్పర గౌరవం నిలబడినట్టేనని చాలామంది అనుకుంటారు. అది మర్యాద వరకే సరిపోతుంది. నీ నమ్మకం వల్ల పక్కవాడికి ఏం జరుగుతోందని ఎదుటివాణ్ని అడగాలి, అదే ప్రశ్న తనకు ఎదురైతే జవాబు చెప్పాలి. అప్పుడే గౌరవం.

అలా అడిగినవారు మనకు దగ్గరివారే. నాస్తిక ఉద్యమకారుడు గోరా 1902లో ఛత్రపూర్‌లో పుట్టారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఉద్దానం వైపు టెక్కలి, సోంపేటలు కూడా ఆ ఊరితో పాటు గంజాం జిల్లాలోనే ఉండేవి. నాస్తికత్వం మీద రాసినందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఆయన ఉద్యోగం పోయింది. 1944 చివర్లో సేవాగ్రామ్‌లో గాంధీని కలిసినప్పుడు దేవుడి ఉనికి మీద తర్కం పెట్టుకోలేదు. బెంగాల్ కరవులో ఆకలితో పోతున్నవాళ్లు అంతా విధి అనుకుని ఊరుకోవడం గురించి మాట్లాడారు. గాంధీ ప్రార్థన మానలేదు, గోరా నాస్తికత్వం వదల్లేదు. కానీ తన ఆస్తికత్వమే ఒప్పని, గోరా నాస్తికత్వం తప్పని తాను అనలేనన్నారు గాంధీ. గోరా కూతురు మనోరమకూ దళిత యువకుడు అర్జునరావుకూ పెళ్లి సేవాగ్రామ్‌లోనే చేద్దామన్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి బదులు సత్యం పేరు చెప్పడానికి సమ్మతించారు. గాంధీ హత్య తర్వాత 1948 మార్చిలో ఆశ్రమంలో ఆ పెళ్లి అలాగే జరిగింది. రోజూ దేవుణ్ని తలిచే మనిషి ఇంకొకరి పిల్ల పెళ్లిలో ఆ పేరు వదులుకోవడం ఎంత పెద్ద సంగతో భక్తులకు నేను చెప్పక్కర్లేదు.

వాళ్లు మహానుభావులు, మామూలు మనుషులకు సాధ్యమా అనవచ్చు. ఉద్దానంలోనే చూడండి: బొడ్డపాడులో పూజారిగా పనిచేసిన సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ అనే జానపద కళతో విప్లవం పాడి, 1969లో ప్రాణం ఇచ్చారు. ఆయన దారి నచ్చనివాళ్లు ఉన్నారు. కానీ గుడికీ ఎర్రజెండాకీ మధ్య మనం గీసుకున్న గీత ఆ ఊళ్లో అంత గట్టిది కాదని ఆ జీవితమే సాక్ష్యం. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది: నిజం తెలిసినవాడు చావింట్లో నోరు కట్టుకోవడం పిరికితనం కాదా? కాదనే అంటాను. పోయిన కొడుకును మళ్లీ చూస్తానని తల్లి అనుకుంటే ఎవరికీ నష్టం లేదు. పెద్దకర్మ నాడు ఆ ఆశను తుంచితే నాస్తికుడికి దక్కేదేమీ లేదు. దేవుడు లేనివాడికి నీతి ఉండదని అదే పందిట్లో అనే భక్తుడికీ ఇదే వర్తిస్తుంది. ఉద్యోగం పోయినా మాట మార్చని గోరాను అతను ఒకసారి తలుచుకోవాలి.

వాదన గట్టిగా జరగాల్సింది అంతకు ముందే, రోగి బతికున్నప్పుడే. డయాలసిస్ అంటే ఒక్కో విడతా దాదాపు నాలుగు గంటలు మంచం మీదే ఉండడం, వారంలో రెండు మూడుసార్లు. దారి ఖర్చులకు విసిగి "రాసిపెట్టిందే జరుగుతుంది, ఇక మానేస్తాను" అని రోగి అన్నప్పుడు నాస్తికుడు ఊరుకోకూడదు. ఆ మంచం పక్కనున్న భక్తుడు అంతకన్నా ఊరుకోకూడదు. దేవుడు అలా రాశాడని నీకెవరు చెప్పారని అతనే అడగాలి. ఆ ప్రశ్న అతని నోట వస్తేనే రోగి వింటాడు.